ఒకే రేకు... ఎన్నో రంగులు!

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మెట్‌పల్లిలోనైనా, కోరుట్లలోనైనా, జగిత్యాలలోనైనా ప్రింటింగ్ ప్రెస్సుల వాళ్లకు ఊపిరి సలపదు. శుభలేఖ మీద వినాయకుడి బొమ్మ చూడ్డానికి ఒక్కటే. కానీ దాన్ని రంగుల్లో అచ్చు వేయాలంటే నాలుగు ప్లేట్లు కావాలి. పసుపుకొకటి, ఎరుపుకొకటి, నీలానికొకటి, నలుపుకొకటి. నాలుగూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగిందా... వినాయకుడి కన్ను చెంప మీదికి వచ్చేస్తుంది! పెళ్లివారు కార్డుల కట్ట తిరిగి తెచ్చి బల్లమీద పడేస్తారు. రంగుకో ప్లేటు అన్నది అచ్చు పనిలో తరతరాల సూత్రం.

ఆ సూత్రాన్ని తలకిందులు చేసిన వారిలో మన తెలుగువాడు ఒకరున్నారు. ఒకే ఒక్క లోహపు రేకు మీద రకరకాల రంగులు ఎక్కించి, అన్నిటినీ ఒక్కసారే కాగితం మీదికి దించే విద్యను ఆయన సాధించారు. పేరు కృష్ణారెడ్డి. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టారు. శాంతినికేతన్‌లో చదివారు. లండన్, పారిస్ నగరాల్లో పనిచేశారు. 1976లో న్యూయార్క్ చేరి, 2018 ఆగస్టులో అక్కడే 93వ ఏట కన్నుమూశారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. అమెరికా, ఐరోపా మ్యూజియాల్లో ఆయన అచ్చుచిత్రాలున్నాయి. మన ఇళ్లలో మాత్రం ఆ పేరు విన్నవాళ్లు తక్కువే.

ఆయన బొమ్మల్లో దేవుళ్లుండరు. పల్లెటూరి పడుచులూ ఉండరు. నీళ్లుంటాయి. అలలు, సుడులు, పురుగులు, చేపలు... అవీ పోల్చుకునేలా కాదు. చేప కన్నా చేప కదలిక కనిపిస్తుంది. చిత్రకారులు దీన్నే అమూర్త చిత్రం అంటారు. ఆ నీళ్ల బొమ్మల ముందు కాసేపు నిలబడితే ఎక్కడో జపాను గుర్తొస్తుంది. చిత్తూరు జిల్లా రైతు కుటుంబం నుంచి వచ్చి న్యూయార్క్‌లో స్థిరపడ్డ చిత్రకారుడి చేతిలోకి జపాను ఎలా వచ్చింది? ఆ కథే ఈ వారం.

ఒక ప్రాజెక్టు... రెండు కాలువలు

పోచంపాడు దగ్గర గోదావరి మీద శ్రీరాంసాగర్ ప్రాజెక్టు ఉంది కదా. కుడివైపు నుంచి కాకతీయ కాలువ బయల్దేరి మన మెట్‌పల్లి వైపు వస్తుంది. ఎడమవైపు నుంచి సరస్వతి కాలువ నిర్మల్ దిక్కు వెళుతుంది. నీళ్లు ఒక్కటే, పారే నేలలు వేరు. సరిగ్గా ఇలాగే జపాను కళ కూడా ఒకచోట బయల్దేరి రెండు వైపులా పారింది. ఒక కాలువ కలకత్తాకు, మరో కాలువ అమెరికాలోని బోస్టన్‌కు!

ఆ రెంటికీ తూముగా నిలిచిన మనిషి ఒకరే. ఆయన ఒకకురా కకుజో. 1863లో పుట్టిన జపాను పండితుడు. ఆ రోజుల్లో జపాను యువకులంతా పాశ్చాత్య మోజులో పడి సొంత కళను పాత సామాను కింద తోసేస్తున్నారు. మన దగ్గర ఇత్తడి బిందెలు అమ్మి స్టీలు బిందెలు కొనుక్కున్నట్టే! టోక్యోలో పాఠాలు చెప్పడానికి వచ్చిన అమెరికన్ ప్రొఫెసర్ ఎర్నెస్ట్ ఫెనొలోసా మాత్రం ఆ పాత బొమ్మలు చూసి ముగ్ధుడయ్యారు. ఒకకురా ఆయన శిష్యుడు, దుబాసీ. గురుశిష్యులిద్దరూ కలిసి పాత గుళ్లు తిరిగారు, శిల్పాలు, చిత్రాలు లెక్కకట్టారు, కాపాడారు.

ఆ ఒకకురా 1902లో మన దేశం వచ్చారు. వివేకానందుణ్ని కలిశారు, కలకత్తాలో ఠాగూర్ల కుటుంబానికి ఆప్తుడయ్యారు. మరుసటి ఏడాది, 1903లో తన శిష్యులైన యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అనే ఇద్దరు చిత్రకారుల్ని కలకత్తా పంపారు. ఆ తర్వాత 1904లో ఆయనే అమెరికా వెళ్లి బోస్టన్ మ్యూజియంలో చేరారు. అంటే రెండేళ్ల తేడాలో ఒకే మనిషి కలకత్తాలోనూ, బోస్టన్‌లోనూ విత్తనాలు చల్లారన్నమాట!

తడి కాగితం చెప్పిన పాఠం

కలకత్తాలో ఆ ఇద్దరు జపానువాళ్లు బొమ్మలు వేస్తుంటే పక్కన కూర్చుని చూసినవారు అవనీంద్రనాథ్ ఠాగూర్. రవీంద్రుడికి అన్న కొడుకు వరస. తైకాన్ కుంచెతో నీళ్లు అద్ది రంగును మెత్తబరచడం ఆయన గమనించారు. 'అలాగైతే కాగితాన్నంతా నీళ్లలో ముంచితే?' అనిపించింది. బొమ్మ వేయడం, నీళ్లలో ముంచడం, ఆరబెట్టడం, మళ్లీ వేయడం... ఇలా చేస్తూ పోతే రంగు కాగితంలోకి ఇంకి పొద్దుటి మంచులా మెత్తగా తేలింది. దానికే 'వాష్' పద్ధతి అని పేరొచ్చింది. బెంగాల్ చిత్రకళకు అదే గుర్తింపు అయింది.

ఇక్కడ ఒక సంగతి చూడండి. జపాను చిత్రకారుడు చేసింది ఒకటి, అవనీంద్రుడు నేర్చింది మరొకటి! చూసింది చూసినట్టు దించుకోలేదు. చూసిన దాంట్లోంచి తనకు కావాల్సింది పుట్టించుకున్నారు. అటు తైకాన్, షున్సో కూడా ఊరికే నేర్పి వెళ్లలేదు. కాళి, సరస్వతి బొమ్మలు తమ పద్ధతిలో వేసుకున్నారు. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదీ.

ఆ వాష్ పద్ధతి మన తెలుగునేలకూ వచ్చింది. మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార్ చటోపాధ్యాయ బెంగాల్ పద్ధతి నేర్పారు. ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో 'నారాయణరావు' నవల రాసిన అడవి బాపిరాజు ఒకరు. బందరులో కూర్చుని బాపిరాజు నేర్చిన ఆ మెత్తని రంగుల వెనక జపాను తడి కూడా కాస్త ఉంది!

కృష్ణారెడ్డికి ఈ వారసత్వం శాంతినికేతన్‌లో అందింది. 1940ల మొదట్లో ఆయన అక్కడి కళాభవన్‌లో చేరారు. అక్కడి పెద్ద గురువు నందలాల్ బోస్, అవనీంద్రుడి శిష్యుడు. 1924లో రవీంద్రుడి వెంట చైనా, జపాను చూసి వచ్చినవారు. అంతకుముందే అరాయ్ కంపో అనే జపాను చిత్రకారుడు కలకత్తా వచ్చినప్పుడు సిరా, కుంచె పనితనం దగ్గరగా చూసినవారు. మరో గురువు వినోద్ బిహారీ ముఖర్జీ 1930ల చివర్లో జపాను వెళ్లి వచ్చారు.

నందలాల్ తన శిష్యులకు బోధించిన సూత్రం ఒకకురా నుంచి అందుకున్నదే. కళకు మూడు కావాలి. ఒకటి ప్రకృతి, రెండోది సంప్రదాయం, మూడోది సొంతదనం. మన ఇళ్లలోని ముక్కాలి పీట లాంటిదన్నమాట. ప్రకృతిని మాత్రమే పట్టుకుంటే ఫొటో అవుతుంది. సంప్రదాయాన్ని మాత్రమే పట్టుకుంటే నకలు అవుతుంది. సొంతదనం ఒక్కటే ఉంటే పిచ్చిగీతలవుతాయి. మూడు కాళ్లూ నేలకు ఆనితేనే పీట నిలబడుతుంది.

శాంతినికేతన్‌లో ఆ మొదటి కాలు గట్టిగా పడేది. చెట్టు బొమ్మ వేయాలంటే ముందు చెట్టు కిందికి పోవాలి. ఎండలో ఎలా ఉంది, గాలికి ఎటు వంగుతోంది, కొమ్మ ఎక్కడ బలం తీసుకుంటోంది... ఇవన్నీ చూశాకే గీత. పైపై రూపం కాదు, దాని లోపలి ఊపు పట్టుకోవాలన్నది తూర్పుదేశాల సిరా చిత్రకారుల పట్టుదల. కృష్ణారెడ్డి జీవితాంతం చేసింది ఇదే. ఆయనకు జపాను నుంచి అందింది ఒక బొమ్మ నమూనా కాదు, ఒక చూపు.

పనసకాయ సూత్రం

శాంతినికేతన్ తర్వాత మద్రాసు కళాక్షేత్రంలో 1947 నుంచి 1949 దాకా చిత్రకళా విభాగం చూసుకున్నారు. తర్వాత లండన్ వెళ్లి స్లేడ్ స్కూల్లో హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చారు. 1950ల మొదట్లో పారిస్ చేరారు. అక్కడ స్టాన్లీ విలియం హేటర్ అనే ఇంగ్లిషు చిత్రకారుడు నడిపే కార్ఖానా ఉంది. దాని పేరు 'అతెలియే 17'. అది ఒకప్పుడు 17వ నంబరు ఇంట్లో ఉండేది, అందుకే ఆ పేరు. పికాసో, మీరో లాంటి హేమాహేమీలు వచ్చి అచ్చులు వేసుకున్న చోటు అది. హేటర్‌కు రసాయన శాస్త్రం కూడా తెలుసు. అక్కడే కృష్ణారెడ్డి, కైకో మోతీ అనే మరో భారతీయుడు, హేటర్, ఇంకా కొందరు సహచరులు కలిసి ఒకే రేకుతో బహురంగుల అచ్చు వేసే కిటుకును పట్టుకున్నారు. దాన్ని లోతుల్లోకి తీసుకెళ్లినవారు కృష్ణారెడ్డి.

ఏమిటా కిటుకు? పనసకాయ కోసే ముందు చేతులకు నూనె ఎందుకు రాసుకుంటాం? జిగురు అంటకుండా. నూనె ఉన్నచోట జిగురు పట్టదు, నూనె లేనిచోట అతుక్కుంటుంది. ఇంతే!

ఇప్పుడు అచ్చు దగ్గరికి వద్దాం. జింకు రేకునో, రాగి రేకునో తీసుకుని దాన్ని ఆమ్లంతో తినిపిస్తారు, ఉలులతో చెక్కుతారు, గీకుతారు. రేకు మీద ఎత్తుపల్లాలు ఏర్పడతాయి. గుట్ట, మైదానం, లోయ... ఇలా మూడు మట్టాలనుకోండి. ముందు లోతైన గీతల్లోకి చిక్కటి ఇంకు కూరి, పైన అంటింది తుడిచేస్తారు. తర్వాత గట్టి రోలరుతో, అవిసె నూనె ఎక్కువ కలిపిన పలచటి ఇంకు ఎక్కిస్తారు. గట్టి రోలరు వంగదు కాబట్టి అది గుట్టల మీదే అంటుతుంది. ఆ తర్వాత మెత్తటి రోలరుతో, నూనె తక్కువున్న జిగట ఇంకు దొర్లిస్తారు. మెత్తటి రోలరు ఒదిగి కింది మైదానం దాకా దిగుతుంది. గుట్టల మీద ఇంతకుముందే నూనె ఇంకు ఉంది కాబట్టి ఈ జిగట ఇంకు అక్కడ అంటదు. పనసపాలు నూనె చేతికి అంటనట్టే! ఇక తడిపిన కాగితం పరిచి ప్రెస్సులో ఒక్కసారి తిప్పితే చాలు... రంగులన్నీ ఒకేసారి దిగిపోతాయి. కన్ను చెంప మీదికి జరిగే బెంగే లేదు.

చెప్పడానికి తేలికే గానీ చేయడానికి ఏళ్లు పడుతుంది. ఇంకులో నాలుగు చుక్కల నూనె ఎక్కువైతే మరో బొమ్మ వస్తుంది. రోలరు ఒత్తిడి మారితే ఇంకో బొమ్మ. కృష్ణారెడ్డి దీన్ని లోపంగా చూడలేదు. ఒకే రేకుకు రంగులు మార్చి మార్చి, ఒక్కొక్క అచ్చును వేరే చిత్రంలా తీసేవారు. 1988లో ఈ విద్యంతా పుస్తకంగా రాశారు. దాచుకోలేదు, పంచిపెట్టారు.

రెండు సుడులు

1963లో ఆయన వేసిన అచ్చుచిత్రం పేరు 'వర్ల్‌పూల్'. అంటే సుడిగుండం. చిన్న చిన్న రూపాలు వందలకొద్దీ విరిగి, ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరుగుతుంటాయి. నీలం వన్నెలు ఒకదాంట్లోంచి ఒకటి పుడుతుంటాయి. ఒడ్డు లేదు, పడవ లేదు, ఆకాశం లేదు. చూసేవాడు ఒడ్డున నిలబడి లేడు... నీళ్లలోనే ఉన్నాడు!

దీని పక్కన జపానుది మరో సుడి పెట్టి చూద్దాం. 1855లో హిరోషిగే అనే మహా చిత్రకారుడు అవా రాష్ట్రంలోని నరుతో సముద్రపు సుడిని చెక్క అచ్చుతో చిత్రించారు. నరుతో జలసంధిలో ఆటుపోట్లప్పుడు నిజంగానే సుడులు లేస్తాయి. హిరోషిగే సుడిలో తెల్లటి నురగ వలయాలు తిరుగుతుంటాయి. దూరంగా కొండలు కనిపిస్తాయి, పక్షులుంటాయి. చూసేవాడు ఎక్కడున్నాడో తెలుస్తుంది. ఆ అచ్చు వెనక ఎంతమంది పని ఉందనుకున్నారు? చిత్రకారుడు గీస్తాడు, చెక్కేవాడు చెక్కుతాడు, అచ్చువేసేవాడు రంగు అద్ది కాగితం మీద రుద్దుతాడు, ప్రచురణకర్త పెట్టుబడి పెట్టి అమ్ముతాడు. రంగుకో చెక్క అచ్చు. మన శుభలేఖ సూత్రమే!

ఆ చిత్రాన్ని చూసి ఈ చిత్రం వేశారని కాదు. పక్కపక్కన పెట్టింది మనం. అలా పెడితే రెండు సంగతులు బోధపడతాయి. ఒకటి... నీటిని నీటిగా కాక శక్తిగా చూడడం ఇద్దరిలోనూ ఉంది. రెండోది... హిరోషిగే దగ్గరున్న కొండల్ని, పక్షుల్ని కృష్ణారెడ్డి తీసేశారు. తీసేయడానికి ధైర్యం పారిస్ ఇచ్చింది. హేటర్, మూర్, శిల్పం నేర్పిన జాడ్కిన్ లాంటివాళ్ల దగ్గర నేర్చిన ఆధునికత అది. లోహపు రేకును ఒక శిల్పంలా చెక్కడం శిల్పిగా ఆయన సొంతం. చూపు తూర్పుది, ధైర్యం పడమరది, చేయి తనది. ముక్కాలి పీట మళ్లీ కుదిరింది!

1968లో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు ఆయన 'డిమాన్‌స్ట్రేటర్స్' వేశారు. జనం కూడా అందులో ఒక ప్రవాహంలాగే కనిపిస్తారు. నీటిని చూడ్డం నేర్చిన కన్ను మనుషుల గుంపును కూడా అలాగే చూసింది మరి!

నలభై ఆరు చెక్కలు

ఇక రెండో కాలువ సంగతి. బోస్టన్ వైపు పారిన జపాను నీళ్లు ఎక్కడికి చేరాయి? ఆర్థర్ వెస్లీ డౌ అనే అమెరికన్ చిత్రకారుడు బోస్టన్‌లో ఫెనొలోసాను కలిసి, జపాను చెక్క అచ్చుల్ని పట్టుకుని కూర్చున్నారు. గీత, వెలుగునీడల పొందిక, రంగు... ఈ మూడు చాలు బొమ్మ కట్టడానికి అంటూ 1899లో ఒక పుస్తకం తెచ్చారు. అమెరికా బళ్లలో డ్రాయింగు మాస్టర్లు దాన్ని పాఠ్యపుస్తకంలా వాడారు. ఆయన శిష్యురాలే జార్జియా ఒకీఫ్. ఒక్క పువ్వును గోడంత చేసి చూపించిన చిత్రకారిణి.

ఆ తర్వాతి తరంలో హెలెన్ ఫ్రాంకెన్‌థాలర్ వచ్చారు. 1928లో న్యూయార్క్‌లో పుట్టారు. కాన్వాసును నేలమీద పరిచి, పలచటి రంగును పోసి, గుడ్డలోకి ఇంకనిచ్చేవారు. అచ్చు కలకత్తా వాష్ పద్ధతికి దూరపు చుట్టంలా ఉంటుంది కదూ! చెక్క అచ్చుల్లోనూ ఆ మెత్తదనం తేవాలని ఆమె పట్టుబట్టారు. జపాను సంప్రదాయం తెలిసిన చెక్కడం పనివాళ్ల సాయంతో 1998లో 'టేల్స్ ఆఫ్ గెంజి' అనే అచ్చుల వరస తెచ్చారు. 'గెంజి' వెయ్యేళ్ల కిందట మురసాకి అనే జపాను రచయిత్రి రాసిన గాథ. 2000లో 'మేడమ్ బటర్‌ఫ్లై' వచ్చింది. దానికి వాడినవి 46 చెక్కలు, 102 రంగులు! కాగితం మీద చూస్తే మాత్రం ఒక్క ఊపిరిలో ఊదినట్టు తేలిగ్గా ఉంటుంది.

అటు 46 చెక్కలు... ఇటు ఒక్క రేకు. జపాను ఇద్దరికీ గురువే. ఫ్రాంకెన్‌థాలర్ జపాను పనితనాన్ని తీసుకుని దాన్ని ఇంకా పెంచారు. కృష్ణారెడ్డి జపాను చూపును తీసుకుని పనితనాన్ని మార్చేశారు. ఇద్దరూ ఒకే నగరంలో ఉన్న కాలం ఉంది. 1976లో న్యూయార్క్ చేరిన కృష్ణారెడ్డి, న్యూయార్క్ యూనివర్సిటీలో అచ్చుకళ విభాగం నడిపారు, సొంతంగా రంగుల అచ్చు కార్ఖానా పెట్టారు. దేశదేశాల పిల్లలు వచ్చి నేర్చుకున్నారు. కూతురితో సర్కస్ చూసి వచ్చి 1980ల్లో వేసిన 'గ్రేట్ క్లౌన్' వరస అక్కడిదే. నవ్వించేవాడి చుట్టూ వలయాలు, వలలు... నీళ్ల సుడి అక్కడ సర్కస్ గుడారమైంది.

మూడో కాలువ కూడా ఒకటుంది. అలీగఢ్‌లో పుట్టిన జరీనా హాష్మీ పారిస్‌లో ఇదే 'అతెలియే 17'లో నేర్చుకున్నారు. 1974లో ఏకంగా టోక్యో వెళ్లి తోషి యోషిదా దగ్గర చెక్క అచ్చు నేర్చారు. తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి 1999లో 36 చెక్క అచ్చులతో ఒక వరస తెచ్చారు. ఒక్కో అచ్చుకు ఒక్కో ఉర్దూ మాట. ఇల్లు, గడప, దారి లాంటి మాటలు... వాటి పక్కన నల్లటి గీతలు నాలుగైదు. దేశవిభజన వల్ల చెదిరిన ఇంటి జ్ఞాపకం అందులో ఉంది. 2020లో ఆమె కన్నుమూశారు. 2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా... ముగ్గురి పనినీ కలిపి ఒక ప్రదర్శన పెట్టింది. ఒక ఇంగ్లిషాయన, ఒక తెలుగాయన, ఒక అలీగఢ్ ఆడపడుచు ఒకే గోడల మధ్య!

కాపీయేనా?

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. 'జపాను ప్రభావం అంటున్నారు, పారిస్ పనితనం అంటున్నారు, అమెరికా ఇల్లు అంటున్నారు... మరి ఇందులో మనదేముంది? అంతా అరువే కదా!' అని.

హొకుసాయ్ వేసిన పెద్ద అల గుర్తుందా? కేలండర్ల మీదా, టీషర్టుల మీదా కనిపించే నీలి అల. 1831 ప్రాంతంలోది. జపాను అనగానే ప్రపంచానికి గుర్తొచ్చే బొమ్మ అదే. ఆ అలకున్న నీలం ఎక్కడిదో తెలుసా? ప్రష్యన్ బ్లూ. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో జర్మనీలోని బెర్లిన్‌లో పుట్టిన రంగు! ఓడలెక్కి జపాను చేరింది. అంటే ప్రపంచమంతా 'అచ్చమైన జపాను' అనుకునే అలలో నీలం జర్మనీది. అందుకని ఆ బొమ్మను జర్మనీ బొమ్మ అంటామా? అనం. మనం కూరలో వేసుకునే మిరపకాయ కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. పచ్చిమిర్చి లేని తెలుగు వంట ఊహించగలమా?

అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. తెచ్చుకున్నదాన్ని అలాగే గోడకు తగిలించుకోవడమే తప్పు. తైకాన్ తడి కుంచెను చూసి అవనీంద్రుడు కాగితాన్నే ముంచారు. ఒకకురా మూడు మాటల్ని విని నందలాల్ ఒక బడినే నడిపారు. ఆ బడిలో చదివిన కృష్ణారెడ్డి సుడిగుండాన్ని లోహంలో చెక్కారు. ప్రతి మలుపులోనూ తీసుకున్నది ఒకటి, ఇచ్చింది మరొకటి. నకలుకూ ప్రభావానికీ తేడా అక్కడే తెలిసిపోతుంది. నకలు కొట్టినవాడి దగ్గర మూలమే మళ్లీ దొరుకుతుంది. నేర్చుకున్నవాడి దగ్గర కొత్తది దొరుకుతుంది.

మన జిల్లాకూ చేరింది

ఈ నీళ్లు మన దిక్కు రాలేదనుకోకండి. కృష్ణారెడ్డి తర్వాత కొద్ది ఏళ్లకే శాంతినికేతన్‌లో, అదే నందలాల్, వినోద్ బిహారీల దగ్గర చదివిన కేరళ చిత్రకారుడు కె.జి.సుబ్రహ్మణ్యన్. ఆయన బరోడా వెళ్లి గురువయ్యారు. ఆ బరోడాకు ఆయన దగ్గర చదువుకోవడానికి మన పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుంచి వెళ్లిన కుర్రాడే తోట వైకుంఠం. కుంకుమబొట్టు, పసుపు ముఖం, ఎర్రచీర కట్టిన తెలంగాణ ఆడపడుచుల్ని దేశమంతా గుర్తుపట్టేలా చేసిన చిత్రకారుడు. మెదక్ జిల్లా నిజాంపూర్ లక్ష్మాగౌడ్ కూడా బరోడాలోనే అచ్చుకళ నేర్చి, మన పల్లెల్ని సన్నటి గీతల్లోకి తెచ్చారు.

వైకుంఠం బొమ్మల్లో జపాను కనబడుతుందా? కనబడదు. కనబడాల్సిన పని లేదు. చుట్టూ ఉన్నదాన్ని కళ్లారా చూడు, పెద్దల పనితనం తెలుసుకో, ఆ తర్వాత నీది నువ్వు వెయ్యి... ఆ మూడు కాళ్ల పీట మాత్రం అక్కడా ఉంది. కృష్ణారెడ్డికి ప్రకృతి నీటిలో దొరికితే వైకుంఠానికి తన ఊరి ఆడవాళ్ల నడకలో, కట్టులో, బొట్టులో దొరికింది.

పిల్లలకు బొమ్మలు నేర్పే తీరు గురించి ఆలోచించాల్సింది ఇక్కడే. మన బళ్లలో డ్రాయింగ్ పీరియడ్ అంటే చాలాసార్లు లెక్కల సారు తీసుకునే ఎక్స్‌ట్రా క్లాసు. ఇంట్లో పిల్లాడు గీస్తూ కూర్చుంటే 'చదువుకోరా' అంటాం. కాస్త ఓపికుంటే బజారు నుంచి డ్రాయింగు పుస్తకం తెచ్చిస్తాం. అందులో ఎడమ పేజీలో రంగుల చిలక, కుడి పేజీలో ఖాళీ చిలక. గీత దాటకుండా అదే ఆకుపచ్చ నింపితే 'శెభాష్' అంటాం. ఇంటి ఎదురుగా చెట్టు మీద నిజం చిలక వాలినా ఆ పిల్లాడు తలెత్తి చూడడు. చూడమని మనం చెప్పలేదు కాబట్టి!

పీటకు ఒక్క కాలు కూడా లేకుండా కూర్చోమంటే ఎలా? మొదటి కాలుకు ఖర్చు లేదు. వానాకాలం కాకతీయ కాలువ గట్టు మీదికి, పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని, పిల్లల్ని తీసుకెళ్లండి. తూము దగ్గర నీళ్లు ఎలా తిరుగుతున్నాయో దూరం నుంచే చూపించండి. పసుపు ఉడకబెట్టే రోజుల్లో పొలం దగ్గర ఆవిరి ఎలా లేస్తుందో చూపించండి. రెండో కాలుకూ దూరం పోనక్కర్లేదు. నిర్మల్ బొమ్మలున్నాయి, చేర్యాల నకాషీ పటాలున్నాయి, గడపల ముందు అమ్మలు వేసే ముగ్గులున్నాయి. ఇక మూడో కాలు... అది మాత్రం పిల్లలదే. అక్కడ మనం చేయాల్సింది ఒక్కటే. 'చెట్టు నీలంగా ఎందుకుందిరా?' అని కసురుకోకుండా ఉండడం!

కృష్ణారెడ్డి పెద్ద చిత్రకారుడు అయ్యారంటే ఆయన్ను ఎవరో చిన్నప్పుడు నీళ్లు చూడనిచ్చారు. తర్వాత ఒక గురువు ఇంకాస్త జాగ్రత్తగా చూడమన్నారు. మిగతాదంతా ఆ చూపు వెంట వచ్చింది.